తెరవని తంతి

1863 ఫిబ్రవరి 20, శుక్రవారం రాత్రి. న్యూయార్క్‌లోని వింటర్ గార్డెన్ థియేటర్ వేదిక మీద మూడవ రిచర్డ్ వేషంలో ఎడ్విన్ బూత్. వయసు 29. అప్పటికే అతని పేరు చెబితే టికెట్లు తెగుతున్నాయి. ఆ రాత్రి మాత్రం మనిషి నిలకడగా లేడు, తాగి ఉన్నాడు. లోపల వేషాలు వేసుకునే గదిలో అతని పేరిట వచ్చిన తంతి కాగితాలు మడత విప్పకుండా పడి ఉన్నాయి. ఒకటి వచ్చింది, చూడలేదు. ఇంకొకటి వచ్చింది, అదీ చూడలేదు. చివరికి బోస్టన్ నుంచి డాక్టరు థియేటర్ మేనేజరుకే నేరుగా తంతి కొట్టాడు. బూత్ జవాబెందుకు ఇవ్వడం లేదు, వెంటనే బయల్దేరదీయండి అని.

ఆ రాత్రికి రైలు లేదు. మర్నాడు పొద్దున రైలెక్కి, బోస్టన్ పక్కనే ఉన్న డార్చెస్టర్‌లో ఇల్లు చేరేసరికి భార్య మేరీ లేదు. ఆమెకు ఇరవై రెండేళ్ళు. కూతురు ఎడ్వినాకు పద్నాలుగు నెలలు.

మన ఇళ్ళలోనూ మొన్నమొన్నటి దాకా తంతి అంటే చావు కబురే. గుమ్మం ముందు సైకిలు ఆగి 'టెలిగ్రాం' అన్న కేక వినబడితే చాలు, కాగితం చేతికి రాకముందే లోపల ఏడుపు మొదలయ్యేది. అశుభం కార్డు వస్తే వాకిట్లోనే చదివి చింపేసేవారు, దాన్ని గడప దాటనిచ్చేవారు కాదు. కబురు చేరకపోవడం ఒక బాధ. చేరినా విప్పకపోవడం ఇంకో రకం బాధ. అది చచ్చేదాకా వదలదు. ఎడ్విన్ బూత్ ఆ తరువాత ముప్ఫై ఏళ్ళు బతికాడు. ఊరూరా తిరుగుతూనే ఉత్తరాలు రాశాడు. కూతురికి, స్నేహితులకు, ఒక విమర్శకుడికి, ఒక సేనానికి, ఒక దేశాధ్యక్షుడికి, ఒకసారి దేశ ప్రజలందరికీ. ఆ ఉత్తరాలు చదువుతుంటే వాటన్నిటి వెనకా ఆ రాత్రి విప్పని కాగితాలే ఉన్నాయనిపిస్తుంది నాకు. వాటికి ఇవ్వలేకపోయిన జవాబును మిగిలిన జీవితమంతా రాసుకుంటూ పోయాడు.

ఈ ధారావాహికలో ఇంతవరకు నటుల్ని వేదిక మీదే చూశాం. ఈ వారం ఒక నటుడి తపాలా సంచి విప్పుదాం.

ముందు ఆ కాలంలో తిరుగుడు ఎలా ఉండేదో చెప్పాలి. 1850ల నాటికి అమెరికాలో కాస్త పెద్ద ఊరు ఏదైనా దానికో సొంత నాటక బృందం ఉండేది. పేరున్న నటుడు తన దుస్తుల పెట్టె, గుర్తులు పెట్టుకున్న నాటకం ప్రతి పట్టుకుని ఒంటరిగా దిగేవాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో పొద్దున అక్కడివాళ్ళతో ఒకసారి చూసుకుని, రాత్రికి ఆడేవాడు. వారమో రెండు వారాలో అక్కడ, తరువాత ఇంకో ఊరు. నిన్నటిదాకా ముఖం ఎరగని మనిషి ఇవాళ ఒఫీలియా, రేపటి నుంచి మళ్ళీ ఎవరో. ఇలాంటి బతుకులో సొంత మనుషులంటే కాగితం మీద ఉన్నవాళ్ళే. ఆ కాగితం కూడా మనిషి వెనకాలే పరుగెత్తాలి. ఉత్తరం ఒక ఊరు చేరేసరికి నటుడు పై ఊరికి వెళ్ళిపోయి ఉంటాడు.

ఎడ్విన్ ఈ తిరుగుడులోనే పెరిగాడు. తండ్రి జూనియస్ బ్రూటస్ బూత్ లండన్‌లో పేరు తెచ్చుకుని 1821లో అమెరికా వచ్చాడు, మేరీలాండ్ రాష్ట్రంలో బెల్ ఎయిర్ దగ్గర అడవి అంచున కాపురం పెట్టాడు. ఎడ్విన్ అక్కడే 1833లో పుట్టాడు. తండ్రి మహానటుడు. కానీ తాగుడు ఉంది, మధ్యమధ్య మతి తప్పుతుంది. నాటకం వేళకు ఆయన్ను వెతికి పట్టుకురావడానికి, రాత్రి బస విడిచి పోకుండా కాపలా కాయడానికి ఎవరో ఒకరు వెంట ఉండాలి. పదమూడేళ్ళు వచ్చేసరికి ఆ పని ఎడ్విన్‌కు పడింది. బడి చదువు అక్కడితో సరి. తన చదువు తక్కువన్న బెంగ అతన్ని పెద్దయ్యాక కూడా వదలలేదు.

ఈ తండ్రి రాసిన ఉత్తరం ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. 1835 జులై 4న ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్ నుంచి ఆయన అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు ఉత్తరం రాశాడు. మరణశిక్ష పడిన ఇద్దరు సముద్రపు దొంగలకు క్షమాభిక్ష పెట్టమని అందులో కోరిక. పెట్టకపోతే నిద్రలో నీ గొంతు కోస్తానని బెదిరింపు, బూతులతో సహా. నూట డెబ్భై ఏళ్ళు అందరూ దాన్ని దొంగ ఉత్తరమనే అనుకున్నారు. 2009లో చేతిరాత పోల్చి చూసి అది ఆయనదే అని తేల్చారు. మతి చలించిన ఘడియలో తండ్రి ఒక అధ్యక్షుణ్ణి చంపుతానని రాశాడు. ఆ మాట రాసేటప్పటికి, తరువాత నిజంగానే ఒక అధ్యక్షుణ్ణి చంపబోయే కొడుకు ఇంకా పుట్టలేదు.

1852లో తండ్రీ కొడుకులు కాలిఫోర్నియా వెళ్ళారు. బంగారం గనుల రోజులు అవి. డబ్బు అనుకున్నంత రాలేదు, తండ్రి వెనక్కి బయల్దేరాడు. పందొమ్మిదేళ్ళ ఎడ్విన్ అక్కడే ఆగి, ఒక చిన్న బృందంతో కలిసి గనుల ఊళ్ళలో ఆడుతున్నాడు. నవంబరు 30న మిసిసిపీ నది మీద ఆవిరి పడవలో తండ్రి పోయాడు, దగ్గర అయినవాళ్ళు ఎవరూ లేకుండా. ఆ కబురు పనామా మీదుగా వారాల తరబడి ప్రయాణం చేసి, సియెర్రా కొండల్లో మంచు కప్పేసిన గ్రాస్ వ్యాలీ ప్రాంతానికి చేరింది. తపాలా వచ్చింది, నీకు ఉత్తరం ఉందని తోటి నటుడొకడు చెప్పాడు. అతని ముఖం చూసి, మా నాన్న పోయాడా అని ఎడ్విన్ తనే అడిగాడట. ఆరేళ్ళు కాపలా కాసినవాడు, కాపలా లేని ఒక్క ప్రయాణంలో తండ్రిని పోగొట్టుకున్నాడు. నా వల్లే అన్న మాట అప్పుడే అతని మనసులో పడింది. పదేళ్ళకు మేరీ విషయంలో అదే మాట ఇంకా గట్టిగా తగిలింది.

మేరీ డెవ్లిన్ కూడా నటే. 1856లో రిచ్‌మండ్‌లో అతను రోమియో, ఆమె జూలియెట్. ఆ తరువాత ఆమె వేదిక విడిచిపెట్టింది, 1860 జులై 7న పెళ్ళయింది. పెళ్ళికి ముందు ఆమె అతనికి రాసిన ఉత్తరాలు మిగిలాయి. 1987లో పుస్తకంగానూ వచ్చాయి. ప్రేమలేఖలే. కానీ వాటిలో నటన గురించి పాఠాలున్నాయి. ఆ కాలంలో విషాద నటుడంటే గొంతు చించుకోవాలి, చేతులు విసరాలి, జనం చప్పట్లు కొట్టేదాకా ఒక్కో మాటనూ సాగదీయాలి. అలా కాదు, మనిషి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడడమే నీ దారి, అదే నిలుస్తుంది అని ఇరవై ఏళ్ళైనా నిండని ఆ పిల్ల రాసింది. తరువాత అమెరికా అంతా మెచ్చుకున్న బూత్ నటన ఆ దారిలోనిదే. నెమ్మదిగా, లోపల్లోపల మండుతున్నట్టుగా ఉండే అతని హామ్లెట్‌కు మేరీ ఉత్తరాల్లో పునాది ఉందంటాను. నాటక చరిత్రలు ఆమెకు ఇచ్చిన చోటు చాలా చిన్నది.

ఆమె పోయాక ఎడ్విన్ ఎక్కువగా రాసింది ఆడమ్ బాడో అనే స్నేహితుడికి. బాడో పత్రికల్లో నాటకాల గురించి రాసేవాడు. అంతర్యుద్ధం వచ్చాక సైన్యంలో చేరాడు, తరువాత జనరల్ గ్రాంట్ దగ్గర కార్యదర్శి అయ్యాడు. మార్చి మొదట్లో అతనికి రాసిన ఉత్తరంలో ఎడ్విన్ ఆ రైలు ప్రయాణం చెప్పాడు. కిటికీలోంచి చూసినప్పుడల్లా మేరీ కనిపించిందట, తలకూ గడ్డానికీ కలిపి తెల్ల గుడ్డ కట్టిన మేరీ, అంటే శవం. స్టేషన్లో స్నేహితుడు ఎదురొస్తే, చెప్పకు, నాకు తెలుసు అన్నాడు. ఆ రోజు నుంచి తాగుడు మానేశాడు. కొన్నాళ్ళు ఆత్మలను పిలిపించి మాట్లాడిస్తామనే వాళ్ళ చుట్టూ తిరిగాడు. అదీ దాచకుండా బాడోకు రాశాడు. చదివేవాడు నవ్వుతాడేమోనన్న జంకు ఆ ఉత్తరాల్లో లేదు. ఆమె తనను క్షమించిందా లేదా అన్నదొక్కటే వాటి నిండా ఉంది.

ఆ ఏడే జులైలో బాడో యుద్ధంలో గాయపడి న్యూయార్క్‌లోని ఎడ్విన్ ఇంటికి వచ్చాడు. బలవంతపు సైనిక భర్తీకి ఎదురుతిరిగి ఊరంతా అల్లర్లు జరుగుతున్న రోజులు. ఉత్తరాది సైన్యపు అధికారిని చేతుల మీద ఎత్తి ఇంట్లోకి మోసుకొచ్చిన వాళ్ళలో ఎడ్విన్ తమ్ముడు జాన్ విల్క్స్ బూత్ ఉన్నాడు. జాన్ దక్షిణాది పక్షం. ఆ పేరెత్తితే అన్నదమ్ములకు మాటా మాటా పెరిగేది. అయినా స్నేహితుడి గాయానికి కట్టు కట్టడంలో సాయం పట్టాడు. తరువాత ఏం జరిగిందో తెలిసిన మనకు ఈ దృశ్యం మింగుడు పడదు.

1864 నవంబరు 25న ముగ్గురన్నదమ్ములూ ఒకే వేదిక మీద 'జూలియస్ సీజర్' ఆడారు. సెంట్రల్ పార్కులో షేక్‌స్పియర్ విగ్రహం కోసం నిధి పోగుచేయడానికి. పెద్దవాడు జూనియస్‌ది కాషియస్ వేషం, ఎడ్విన్‌ది బ్రూటస్, జాన్‌ది ఆంటనీ. తల్లి ప్రేక్షకుల్లో ఉంది. మర్నాటి నుంచి ఎడ్విన్ 'హామ్లెట్' మొదలుపెట్టి వరుసగా నూరు రాత్రులు ఆడాడు. అంతకుముందు అమెరికాలో ఎవరూ ఎరగని సంగతి అది. 1865 మార్చి 22న నూరో ఆట ముగిసింది.

ఏప్రిల్ 14, గుడ్ ఫ్రైడే. ఆ రాత్రి ఎడ్విన్ బోస్టన్‌లో 'ది ఐరన్ చెస్ట్' అనే నాటకం ఆడాడు. అందులో నాయకుడు తాను చేసిన హత్యను పెట్టెలో దాచుకున్నవాడు. అదే రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో అధ్యక్షుడు లింకన్ మీద జాన్ తుపాకీ పేల్చాడు. మర్నాడు పొద్దున ఎడ్విన్‌కు థియేటర్ మేనేజర్ హెన్రీ జారెట్ నుంచి ఉత్తరం వచ్చింది. వినపడుతున్నది నిజం కాకూడదని ఆశిస్తున్నాననీ, అయినా ఆటలు ఆపడమే మంచిదనీ ఆయన మర్యాదగానే రాశాడు. ఎడ్విన్ ఆ రోజే జవాబిచ్చాడు. తన బాధ్యత నుంచి తప్పించినందుకు కృతజ్ఞత చెప్పాడు. దేశమంతా ఏడ్చే ఏడుపు తనదీ అని, దాని మీద మాటలకందని సొంత దుఃఖం ఇంకొకటి ఉందని చెప్పాడు. జవాబు చిన్నదే. దాంట్లో తమ్ముడి పేరు లేదు.

ఇక్కడ కాస్త ఆగి ఆ వారంలో ఆ ఇంటి ఉత్తరాలకు పట్టిన గతి చూడాలి. హత్యకు కొన్ని గంటల ముందు జాన్ ఒక సీలు వేసిన ఉత్తరాన్ని జాన్ మాథ్యూస్ అనే నటుడి చేతికిచ్చి, రేపు పత్రికకు అందజేయమన్నాడు. మాథ్యూస్ ఆ రాత్రి ఫోర్డ్స్ థియేటర్‌లో నడుస్తున్న నాటకంలోనే వేషం కట్టాడు. కాల్పుల తరువాత బసకు వెళ్ళి, ఉత్తరం విప్పి చదివి, భయంతో తగలబెట్టేశాడు. ఆ సంగతి బయటపెట్టింది రెండేళ్ళ తరువాత. జాన్ అంతకుముందే అక్క ఏషియా ఇంట్లో దాచమని ఇచ్చిన కవరులో తన రాజకీయం వివరించే ఉత్తరం దొరికింది. ఏషియా భర్త, హాస్యనటుడు జాన్ స్లీపర్ క్లార్క్ దాన్ని అధికారులకు అప్పగించాడు. అది ఏప్రిల్ 19న ఫిలడెల్ఫియా పత్రికలో అచ్చయింది. అప్పగించినవాడికి దక్కింది జైలు. పెద్దన్న జూనియస్ జాన్‌కు రాసిన ఉత్తరంలో ఆ నూనె వ్యాపారం మానుకోమని ఒక మాట ఉంది. జాన్ నిజంగానే పెన్సిల్వేనియా నూనె బావుల్లో డబ్బు పెట్టాడు. అధికారులకు అది కుట్రకు పెట్టిన మారుపేరులా కనబడింది. జూనియస్ కూడా జైలుకే. తమ్ముడి క్షేమం కోరి రాసిన మాట అన్న మెడకు చుట్టుకుంది.

ఎడ్విన్‌ను అరెస్టు చేయలేదు. ఏప్రిల్ 20న అతను అమెరికా ప్రజలందరినీ ఉద్దేశించి ఒక ఉత్తరం రాసి పత్రికలకు ఇచ్చాడు. గొప్పవాడైన అధ్యక్షుడి రక్తం తమ ఇంటి గుమ్మం ముందు పడిందని, ఇక మిగిలిన బతుకంతా ఆ బరువుతోనే అని దాని సారాంశం. నాటకాల ఛాయ ఉన్న భాష అది. అతనికి పెద్దమాటలు తెలిసింది షేక్‌స్పియర్ దగ్గరే కదా, దుఃఖం బహిరంగంగా చెప్పాల్సి వచ్చేసరికి ఆ మాటలే వచ్చాయి. అదే వారం బాడోకు రాసినది వేరే గొంతు. యుద్ధం ముగిసిందని సంబరపడుతున్న మనిషి, ఒక్క రాత్రిలో అన్నీ తలకిందులైన మనిషి. రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి, అప్పుడే మనిషి తెలుస్తాడు.

ఆ చీకటి రోజుల్లో అతనికి దొరికిన కాస్త ఊరటా ఉత్తరంలోనే వచ్చింది. అంతకు ఏడాదో రెండేళ్ళో ముందు జెర్సీ సిటీ స్టేషన్లో, కదులుతున్న రైలుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య జారిపోతున్న ఒక యువకుణ్ణి ఎడ్విన్ కోటు కాలరు పట్టి పైకి లాగాడు. ఆ అబ్బాయి రాబర్ట్ లింకన్, అధ్యక్షుడి కొడుకు. తనను లాగినవాడు బూత్ అని రాబర్ట్ గుర్తుపట్టాడు, లాగినవాడికి మాత్రం ఎవరిని లాగాడో తెలియదు. రాబర్ట్ తరువాత గ్రాంట్ బలగంలో చేరి ఆ ముచ్చట బాడోతో అన్నాడు, బాడో ఎడ్విన్‌కు రాశాడు.

1866 జనవరి 3న మళ్ళీ వేదిక ఎక్కాడు, హామ్లెట్‌గానే. జనం లేచి నిలబడి ఆదరించారు. వాషింగ్టన్‌లో మాత్రం మళ్ళీ ఎన్నడూ ఆడలేదు. అక్కడివాళ్ళు రైలెక్కి బాల్టిమోర్ వచ్చి చూడాల్సిందే.

1869 ఫిబ్రవరి 3న న్యూయార్క్‌లో తన సొంత థియేటర్ తెరిచాడు. పది లక్షల డాలర్లు దాటి ఖర్చయిన భవనం. అలాంటి వారంలో ఇంకెవరికీ వేరే ధ్యాస ఉండదు. అతను ఫిబ్రవరి 10న అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కు ఉత్తరం రాశాడు. తమ్ముడి శవాన్ని ఇప్పించమని. వాషింగ్టన్ ఆయుధాగారం ఆవరణలో సైన్యం దాన్ని పాతిపెట్టి నాలుగేళ్ళు కావస్తోంది. తల్లి ఏడుపు చూడలేక 1867లో జనరల్ గ్రాంట్‌కు రాశాడు, పని జరగలేదు. జాన్సన్ పదవి ఇంక మూడు వారాల్లో ముగుస్తుంది. ఈసారి అనుమతి వచ్చింది. శవాన్ని గుట్టుగా బాల్టిమోర్ తెచ్చి, గ్రీన్ మౌంట్ శ్మశానంలో కుటుంబం స్థలంలో, పేరు చెక్కిన రాయి లేకుండా పూడ్చారు. ఎడ్విన్ రాసిన అన్ని ఉత్తరాల్లోకీ నా మటుకు ఇదే పెద్దది. అందులో తమ్ముడి నేరానికి సమర్థన లేదు, తనకోసం దయ అడగడం లేదు. తల్లికి కొడుకు ఎముకలు ఇవ్వమని అడిగాడు, అంతే.

అప్పులు పెరిగి 1874లో థియేటర్ దివాలా తీసింది. అంతకు కొంచెం ముందు జరిగినదిగా ఒక సంగతి ఉంది. అక్కడ పనిచేసిన గ్యారీ డేవిడ్సన్ చాలా ఏళ్ళకు నటుడు ఓటిస్ స్కిన్నర్‌తో చెబితే, స్కిన్నర్ 1939లో పుస్తకంలో రాశాడు. ఒక రాత్రి మూడు గంటలప్పుడు ఎడ్విన్ ఆ మనిషిని లేపి, కింద కొలిమి దగ్గరకు తీసుకెళ్ళాడు. అక్కడ తాళ్ళతో కట్టిన పెద్ద పెట్టె. జాన్‌ది. గొడ్డలితో తాళ్ళు తెంపించి, మూత తీశాడు. లోపల జాన్ వేషాల దుస్తులు. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, ఇచ్చేవాడు. ఆ మనిషి మంటలో వేసేవాడు. మధ్యలో ఒక పాత అంగీ వచ్చింది. అది తండ్రిది, మూడవ రిచర్డ్ వేషానికి ఆయన తొడుక్కున్నది. ఎడ్విన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి అదీ ఇచ్చేశాడు. అన్నీ అయ్యాక పెట్టె చెక్కలు కూడా కొట్టి మంటలో వేయించాడు. చెప్పినవాడి జ్ఞాపకం ఎంతవరకు నిక్కచ్చిదో వాదించేవాళ్ళు వాదించవచ్చు. మంట ముందు ఆ అంగీతో కూర్చున్న మనిషిని మాత్రం నేను నమ్ముతాను.

అప్పులు తీర్చాలంటే తిరగాలి. 1876లో దక్షిణాది రాష్ట్రాలన్నీ తిరిగాడు. ఆ పర్యటన నడిపించినవాడు జాన్ ఫోర్డ్, ఫోర్డ్స్ థియేటర్ యజమాని. ఇద్దరి ఇళ్ళ మీదా ఒకే రాత్రి పిడుగు పడింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేని స్థితి నుంచి కలిసి పనిచేసే దాకా వచ్చారు. 1879 ఏప్రిల్ 23న షికాగోలో 'రిచర్డ్ ది సెకండ్' ఆడుతుండగా మార్క్ గ్రే అనే మతి చలించినవాడు మేడ మీద నుంచి రెండుసార్లు కాల్చాడు. రెండూ గురి తప్పాయి. ఎడ్విన్ ముందుకు నడిచి, వాడే అని వేలెత్తి చూపించి, తరువాత నాటకం ముగించాడు. ఒక తూటాను వెలికి తీయించి గడియారం గొలుసుకు తగిలించుకున్నాడు, కాల్చినవాడి పేరూ తేదీ చెక్కించి మరీ.

ఇన్నిటి మధ్యా తెంపు లేకుండా సాగినవి కూతురు ఎడ్వినాకు రాసిన ఉత్తరాలు. తల్లి లేని పిల్ల. తండ్రి ఎప్పుడూ ఏదో ఊళ్ళో. అందుకే కాగితం మీదే పెంచాడు. పసితనంలో ముద్దుమాటలు, బడికి వెళ్ళే వయసులో చదువు మీద శ్రద్ధ, పెద్దయ్యాక మనసు విప్పడం. అమ్మ గురించీ చెప్పేవాడు, అమ్మ పెరిగిన తీరు, అమ్మ మంచితనం. ఆ తంతి కాగితాలు విప్పనివాడు కూతురి ఉత్తరం మాత్రం ఎక్కడున్నా విప్పాడు.

1886–87లో చేసినది పేరు గొప్ప పర్యటన, అతనికోసం ప్రత్యేకంగా ఒక రైలు పెట్టె, దానికి 'డేవిడ్ గారిక్' అని పేరు. ఖండం ఈ చివర నుంచి ఆ చివర దాకా. స్టేషన్ స్టేషన్‌కూ జనం. ఆ కీర్తి రోజుల నాటి ఉత్తరం ఒకదానిలో కూతురికి ఏం రాశాడో చూడండి. ఈ లోకంలో పేరున్న మనిషిగా ఉండేకంటే ఎక్కడో మారుమూల పల్లెలో రైతుగానో, నాన్న చెప్పినట్టు వడ్రంగిగానో ఉండి ఉంటే బాగుండేదని. కానీ ప్రకృతి తనకు ఈ వేషమే ఇచ్చింది, తెర పడేదాకా ఆడక తప్పదని. చప్పట్లకు వంగి దండం పెట్టి, ఖాళీ హోటల్ గదికి వచ్చి ఆ మాట రాసేవాడు. తన తండ్రి తనను నటుడు కావద్దన్నాడు, ఒక పనిముట్టు పట్టే విద్య నేర్చుకోమన్నాడు. ఆ మాట యాభై దాటాక గుర్తొచ్చింది.

శవం కోసం రాసినవి పక్కన పెడితే, తమ్ముడి ఊసు ఆ వందల ఉత్తరాల్లో దాదాపు ఎక్కడా రాదు. ఒక్కచోట వస్తుంది. 1881 జులైలో నేహమ్ కేపెన్ అనే పెద్దాయన జాన్ గురించి అడుగుతూ రాశాడు. ఆ నెల రెండో తారీకునే అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి, ఆయన ఇంకా ప్రాణాలతో కొట్టుమిట్టాడుతున్నాడు, దేశమంతా మళ్ళీ 1865 మాట ఎత్తుకుంటోంది. ఎడ్విన్ ఆ ఉత్తరాన్ని పక్కన పడేయవచ్చు. పదహారేళ్ళుగా అతని ముందు ఆ పేరు ఎత్తడానికే జనం జంకుతున్నారు. జులై 28న కూర్చుని జవాబు రాశాడు. చిన్నప్పటి నుంచి జాన్‌ను తను పెద్దగా చూడలేదని, మెత్తని మనసు, ఆకతాయితనం, అమ్మకు గారాల బిడ్డ, రాజకీయమంటే మాత్రం తల తిరిగిపోయేదని. లింకన్‌కు ఓటు వేశానని తను చెబితే జాన్ చాలా బాధపడ్డాడని, ఆయన అమెరికాకు రాజై కూర్చుంటాడని గట్టిగా నమ్మాడని. తమ్ముణ్ణి రాక్షసుణ్ణి చేయలేదు, వీరుణ్ణీ చేయలేదు. అన్న తమ్ముడి గురించి చెప్పినట్టు చెప్పాడు.

1890 మార్చిలో షికాగోలో ఎడిసన్ యంత్రం ముందు నిలబడి, మైనపు గొట్టం మీద ఒథెల్లో మాటలు కొన్ని పలికాడు. వ్యాపారానికి కాదు, ఎడ్వినా కోసం. గరగర చప్పుడు వెనక ఎక్కడో దూరంగా ఒక గొంతు, తొందర లేకుండా. మేరీ కోరుకున్నట్టుగా, మనిషితో మాట్లాడినట్టుగా. అది ఈనాటికీ వినవచ్చు. కూతురికి అందిన ఉత్తరాల్లో అదొక్కటి కాగితం మీద లేనిది.

1891 ఏప్రిల్ 4న బ్రూక్లిన్‌లో ఆఖరి హామ్లెట్. నటుల కోసం తనే స్థాపించిన ప్లేయర్స్ క్లబ్బు మేడ మీది గదిలో 1893 జూన్ 7న పోయాడు. మౌంట్ ఆబర్న్ శ్మశానంలో మేరీ పక్కన పూడ్చారు. అంత్యక్రియలు జరిగిన జూన్ 9నే, అప్పటికి ప్రభుత్వ కార్యాలయంగా మారిన ఫోర్డ్స్ థియేటర్ భవనంలో అంతస్తులు కూలి 22 మంది గుమాస్తాలు చనిపోయారు.

మరుసటి ఏడాది, 1894లో, ఎడ్వినా తండ్రి ఉత్తరాలను పుస్తకంగా వేసింది. తనకు రాసినవీ, స్నేహితులకు రాసినవీ. దాచుకోవడానికి ఆమెకు కావలసినన్ని కారణాలున్నాయి. అయినా కేపెన్‌కు రాసిన ఉత్తరాన్ని అందులో చేర్చింది, జాన్ పేరుతో సహా.

ఆ ఇంట్లో జాన్ గురించి కాగితం మీద పెట్టిన మనిషి ఇంకొకరున్నారు. అక్క ఏషియా. ఇంగ్లండ్‌లో 1874లో, భర్తకు కూడా తెలియకుండా, తాళం వేసే ఒక చిన్న నల్ల పుస్తకంలో తమ్ముడి కథ రాసిపెట్టింది. అది అచ్చయింది 1938లో. ఆ తాళం ఎవరి చేతుల మీదుగా తెరుచుకుందో వచ్చే వారం.